ఎండాకాలం చెరువు నిండా పక్షులు: పెరిగినట్టా, ఒక్కచోటికి చేరినట్టా?

ఏప్రిల్ చివరికి వచ్చేసరికి ఏటా ఇదే తంతు. పొద్దున్నే ఎవరో కట్ట మీద నిలబడి తీసిన వీడియో ఊరి వాట్సాప్ గ్రూపులో పడుతుంది, బురదలో వందల కొద్దీ కొంగలు, కింద ‘మన చెరువుకు విదేశీ అతిథులు’ అని ఒక లైను. మధ్యాహ్నానికి అదే గ్రూపులో ఇంకొకాయన ‘మా చిన్నప్పుడున్న పిట్టల్లో ఇప్పుడు పావు వంతు కూడా లేవు’ అంటాడు. సాయంత్రానికి మూడో మనిషి ఫోన్ యాప్ గుర్తుపట్టిన పక్షుల జాబితా స్క్రీన్‌షాట్ పెట్టి, 62 జాతులున్నాయి చూడండి అంటాడు. ముగ్గురూ మాట్లాడేది ఒకే చెరువు గురించి.

ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. చిక్కేంటంటే, ఎన్ని కనిపించాయి అనేది ఒక లెక్క, ఎన్ని ఉన్నాయి అనేది ఇంకో లెక్క. ఈ రెండింటికీ మధ్య తేడా ఎండాకాలంలో పెరిగినంతగా ఇంకెప్పుడూ పెరగదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు అయితే దీనికి తోడు కాలువ నీళ్లు, పూడికతీతలు కూడా కలిసి లెక్కను మరింత తికమక పెడతాయి. ఒక్కో ముడి విప్పుకుంటూ పోదాం.

మే నెలలో చెరువులో ఉన్నవేవి, వెళ్లిపోయినవేవి

రాకపోకలను బట్టి చూస్తే మన చెరువు పక్షులు మూడు రకాలు. మొదటి రకం ఏడాదంతా ఇక్కడే ఉండేవి: గుడ్డి కొంగ, బుడుబుంగ, నీటికాకి, తీతువు, లకుముకి, నీలి బొల్లికోడి లాంటివి. రెండోది నిజమైన దూరప్రయాణికులు. తల మీద రెండు నల్లపట్టీలు ఉండే బార్‌హెడెడ్ గూస్ బాతులు మంగోలియా, టిబెట్, లద్దాఖ్ వైపు గుడ్లు పెట్టి, హిమాలయాలు దాటి చలికాలానికి మన కృష్ణా పరీవాహకంలోని జలాశయాలకు వస్తాయి. పిన్‌టెయిల్, షావలర్ బాతులూ అంతే. ఇవన్నీ మార్చి ప్రాంతానికి తిరుగు ప్రయాణం కడతాయి, గార్గెనీ బాతులు కొన్ని ఏప్రిల్‌లోకి కూడా ఆగుతాయి. మూడో రకం దేశం దాటకుండా, నీళ్లూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి తిరిగేవి. పెయింటెడ్ స్టార్క్, ఓపెన్‌బిల్ స్టార్క్, తెడ్డుముక్కు స్పూన్‌బిల్, నల్ల కంకణాలు (ఐబిస్‌లు) ఈ కోవలోకి వస్తాయి.

గందరగోళమంతా ఈ మూడో రకంతోనే. పసుపుపచ్చ ముక్కు, తోక దగ్గర గులాబీ ఈకలు, దాదాపు మనిషి నడుమంత ఎత్తు ఉన్న పెయింటెడ్ స్టార్క్‌ను చూస్తే ఇది ఈ దేశానిది కాదు అనిపించడం సహజమే. కానీ అది పక్కా మన పక్షి. గుంటూరు దగ్గర ఉప్పలపాడులోనూ, అనంతపురం వైపు వీరాపురంలోనూ చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతుంది. ఇక ‘సైబీరియా కొంగలు’ అన్న మాట గురించి చెప్పాలంటే, అసలైన సైబీరియన్ క్రేన్‌లు మన దేశంలో చివరిసారి కనిపించింది 2001-02 చలికాలంలో, రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో. మే నెలలో నల్లగొండ చెరువులో అవి ఉండే ప్రసక్తే లేదు. అప్పటికి విదేశాలకు వెళ్లాల్సినవి దాదాపు అన్నీ వెళ్లిపోయి ఉంటాయి, ఇంకా గుడ్లు పెట్టే వయసు రాని బురదపిట్టలు కొన్ని మాత్రం ఆ ఏడాదికి ప్రయాణం మానుకుని ఇక్కడే ఉండిపోతాయి.

ఇంకో తికమక రంగులతో వస్తుంది. జనవరిలో తెల్లగా ఉన్న పశువుల కొంగకు ఎండాకాలంలో తల, మెడ, వీపు నారింజ రంగు తేలతాయి. మట్టిరంగులో ఎవరికీ కనబడకుండా కూర్చునే గుడ్డి కొంగ వీపు ముదురు ఎరుపులోకి మారుతుంది. తామరాకుల మీద నడిచే జకానాకు పొడవాటి తోక వస్తుంది. గుడ్లు పెట్టే కాలం దగ్గరపడిందని ఈ వేషం. చలికాలం ఫొటోలు మాత్రమే చూసి ఉన్నవాళ్లు వీటిని కొత్త జాతులుగా రాసుకోవడం, జాబితా అనవసరంగా పెరగడం మామూలుగా జరిగేదే.

నీళ్లు ముడుచుకుంటే లెక్క ఎలా తలకిందులవుతుంది

చెరువు నిండుగా ఉన్నప్పుడు మధ్యలో లోతు ఎక్కువ. మునిగి చేపలు పట్టే నీటికాకికి, బుడుబుంగకు అది పనికొస్తుంది. నిలబడి వేటాడే కొంగకు మాత్రం కాళ్లు మునిగే లోతు దాటితే ఏమీ చేతకాదు, ఒడ్డు వెంబడి సన్నటి పట్టీలోనే సర్దుకోవాలి. ఎండలు ముదిరి నీళ్లు శిఖంలోకి, అంటే చెరువు అడుగు నేలలోకి, దిగేకొద్దీ చెరువంతా మోకాలి లోతు మడుగుగా మారుతుంది, చేపలు, నత్తలు, రొయ్యలు అన్నీ ఆ కొద్ది నీళ్లలోనే చిక్కుకుపోతాయి. అదే సమయానికి మత్స్యకారుల సొసైటీ వాళ్లు చివరి వలలు వేస్తారు. వల లాగుతుంటే పక్కకు తప్పుకునే చిన్న చేపల కోసం కొంగలు మనుషుల వెనకే నడుస్తాయి. చుట్టుపక్కల కుంటలు అప్పటికే ఎండి ఉంటాయి కాబట్టి వాటిలో ఉన్నవి కూడా ఇక్కడికే చేరతాయి.

దీన్ని ఒక ఊహా చెరువుతో లెక్కేసి చూద్దాం. జనవరిలో నీళ్లు 120 ఎకరాల్లో ఉన్నాయి, పక్షులు 600. అంటే ఎకరానికి 5. మే మూడో వారానికి నీళ్లు 15 ఎకరాలకు దిగాయి, పక్షులు 300. ఎకరానికి 20. కట్ట మీద నిలబడి చూసేవాడికి చెరువు జనవరి కంటే నాలుగింతలు కిక్కిరిసినట్టు ఉంటుంది, వీడియో కూడా అలాగే వస్తుంది. తీరా చూస్తే సంఖ్య సగానికి పడిపోయింది.

అయితే సగానికి పడిపోయింది అన్న మాట కూడా తొందరపాటే. జనవరిలో ఉన్న 600లో 350 చలికాలపు బాతులు అనుకుందాం, అవి వెళ్లిపోవాల్సినవే, వెళ్లిపోయాయి. మిగిలిన స్థానిక పక్షులు 250. చుట్టూ ఉన్న 6 కుంటల్లో జనవరిలో తలా 20 స్థానిక పక్షులు ఉండేవి, మొత్తం 120. అంటే ఈ ప్రాంతంలో చలికాలంలో ఉన్న స్థానిక పక్షులు 370, ఇప్పుడు ఒక్క చెరువులో కనిపిస్తున్నవి 300. తేడా 70. ఆ 70 నిజంగా తగ్గాయా, పక్క ఊరి చెరువుకు వెళ్లాయా, జమ్ములో దాక్కుని లెక్కకు రాలేదా అన్నది ఒక్క పొద్దున చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. ‘నాలుగింతలు’ అన్న చోట మొదలై, ‘సగం’ మీదుగా, ‘ఇంచుమించు అంతే ఉండొచ్చు’ దగ్గరికి వచ్చి ఆగాం. పక్షులు మాత్రం అవే.

చెరువు ఇప్పుడు వాననే నమ్ముకుని లేదు

పైన చెప్పిన కథలో ఎండాకాలం వస్తే నీళ్లు తగ్గుతాయి అన్నది అందరికీ తెలిసిన సంగతే అనుకుని రాశాను. మన దగ్గర ఇది ఇప్పుడు ప్రతి చెరువుకూ వర్తించదు. కందూరు చోడుల కాలం నాటి పానగల్ ఉదయ సముద్రాన్నే తీసుకోండి. నాగార్జునసాగర్ వెనక జలాల నుంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన నీళ్లు అక్కంపల్లి రిజర్వాయర్ మీదుగా దీనికి చేరతాయి. ఎండాకాలంలో దీని నీటిమట్టం ఎంత ఎండ కాసింది అన్నదాని కంటే ఎన్ని మోటార్లు నడిచాయి అన్నదాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చే చెరువుల పరిస్థితీ అదే. ఒకప్పుడు మార్చికే నెర్రెలు బారిన చెరువులో ఇప్పుడు మే నెలలో నీళ్లుంటే, అక్కడి పక్షుల లెక్కను పదేళ్ల కిందటి లెక్క పక్కన పెట్టి పోల్చడం కుదరదు.

దీనికి పూడికతీత తోడైంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద తెలంగాణలోని 46 వేలకు పైగా చెరువులను బాగు చేయాలన్నది లక్ష్యం. రైతు వైపు నుంచి చూస్తే ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, ఒండ్రు పొలాలకు పోయింది, నీళ్లు ఎక్కువ రోజులు నిలిచాయి, బోర్లు పోశాయి. పక్షుల వైపు నుంచి చూస్తే ఏ పక్షి అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. లోతు నీళ్లు ఎక్కువ కాలం ఉంటే నీటికాకులకు, మునిగే బాతులకు లాభం. మెల్లగా వాలిన ఒడ్డును తవ్వి నిట్టనిలువుగా చేస్తే, రాళ్లు పరిచి మినీ ట్యాంక్‌బండ్ కట్టి రంగు లైట్లు పెడితే, బురదలో, పల్చటి నీళ్లలో తిరుగుతూ మేసే స్టిల్ట్‌లు, ప్లోవర్‌లు, ఉల్లంకులు లాంటి బురదపిట్టలు నిలబడే చోటే పోతుంది. చెరువు ‘బాగుపడిందా, పాడైందా’ అని ఒక్క మాటలో అడిగే ప్రశ్నకు అందుకే జవాబు దొరకదు. కొందరు పక్షిప్రేమికులు పూడికతీతను గంపగుత్తగా తిట్టడం నాకైతే సబబుగా అనిపించదు, అసలు ఆ చెరువు తవ్వింది వరి కోసమే. అలాగని మత్తడి (అలుగు) దాకా నీళ్లుంటే పక్షులకు అదే మేలు అనే వాదన కూడా నిలబడదు.

నీళ్లు అకాలంగా పెరిగితే ఇంకో ప్రమాదం ఉంది. రివర్ టెర్న్, ప్రాటిన్‌కోల్ లాంటి నీటి ఒడ్డు పిట్టలు మార్చి నుంచి మే మధ్యలో రిజర్వాయర్ నడుమ తేలిన ఇసుక దిబ్బల మీద, రాళ్ల మధ్య నేల మీదే గుడ్లు పెడతాయి. పై నుంచి నీళ్లు వదిలితే గుడ్లు మునుగుతాయి, నీళ్లు మరీ తగ్గితే దిబ్బకు దారి ఏర్పడి కుక్కలు చేరతాయి. కృష్ణ మీది జూరాల లాంటి రిజర్వాయర్ దగ్గర జూన్‌లో టెర్న్ పిల్లలు కనబడ్డాయా లేదా అన్నది ఆ ఏడాది గేట్లు, మోటార్లు ఎలా నడిచాయో తెలియకుండా అర్థం కాదు. ఒక్కో ఏడాది మామూలు లెక్కలోకే రాదు కూడా: 2019 డిసెంబర్ 31న వనపర్తి వైపు సరళాసాగర్ కట్ట తెగి జలాశయం ఖాళీ అయింది, ఆ మరుసటి నెలల్లో అక్కడ బాతులు లేకపోవడానికి కారణం వెతుక్కోనక్కర్లేదు.

అయిదున్నరకు ఒక లెక్క, ఏడున్నరకు ఒక లెక్క

మే నెలలో నల్లగొండలో సూర్యోదయం 5:40 ప్రాంతంలో. 5:15కే మసక వెలుతురు ఉంటుంది. మబ్బులనే బయల్దేరినవాళ్లకే పక్షులు దొరుకుతాయి అన్నది అందరూ చెప్పేదే కానీ, ఎందుకో తెలిస్తే లెక్కలో అది ఎంత తేడా తెస్తుందో కూడా తెలుస్తుంది.

తెల్లవారుజామున నేలను ఆనుకున్న గాలి చల్లగా, దాని పైన గాలి కొంచెం వెచ్చగా ఉంటుంది. ఈ అమరికలో శబ్దం పైకి పోకుండా కిందికి వంగి దూరం ప్రయాణిస్తుంది. గాలి వీచడం తక్కువ, లారీలు, ట్రాక్టర్లు తక్కువ. పురుగులూ చేపలూ కళ్లకు ఆనేంత వెలుతురు ఇంకా రాలేదు కాబట్టి పక్షి ఆ సమయాన్ని కూతకు వాడుకుంటుంది. ఇది నా హద్దు అని చెప్పుకోవడానికి అంతకు మించిన సమయం లేదు. ఎనిమిదయ్యేసరికి ఎండ కరకరలాడుతుంది, నీటికాకులు నోరు తెరిచి గొంతు తోలు అల్లాడిస్తూ ఒళ్లు చల్లార్చుకుంటాయి, చిన్న పిట్టలు తుమ్మకొమ్మల నీడలోకి పోయి నోరు మూసుకుంటాయి. పక్షులు ఎక్కడికీ పోలేదు, మనకు అందకుండా పోయాయి అంతే. ఒక పక్షి అక్కడ ఉండి కూడా మన లెక్కకు చిక్కే అవకాశం గంట గంటకూ మారుతుందని గుర్తుంటే చాలా గొడవలు తగ్గుతాయి.

ఇందులో ఇంకో మెలిక. కొంగలు, కంకణాలు, నీటికాకులు రాత్రి గుంపులుగా చెట్ల మీద పడుకుని తెల్లారగానే మేతకు చెదిరిపోతాయి. మీరు 5:20కి కట్ట మీద ఉంటే నల్లతుమ్మల మీద 200 కనిపిస్తాయి. మీ స్నేహితుడు టీ తాగి 7 గంటలకు వస్తే 70 కనిపిస్తాయి. మీరు లెక్కపెట్టింది ఆ చెరువు మీద నిద్రపోయేవాటిని, ఆయన లెక్కపెట్టింది అక్కడ మేసేవాటిని. రెండూ సరైనవే, రెండూ వేర్వేరు విషయాలు. సమయం రాయకుండా సంఖ్య మాత్రం రాస్తే ఎవరో ఒకరు అబద్ధాలకోరుగా తేలతారు.

చూడటం వేరు, నమోదు చేయడం వేరు

వన్యప్రాణుల నమోదు అనగానే కెమెరా గుర్తొస్తుంది. ఫొటో ఒక పక్షి ఉంది అని రుజువు చేస్తుంది, అది చాలా ముఖ్యమైన పనే. కానీ ఎన్ని ఉన్నాయి, ఏవి లేవు అనే ప్రశ్నలకు ఫొటో నోరు విప్పదు.

అందుకే పక్షుల నమోదులో ‘పూర్తి జాబితా’ అనే పద్ధతి వచ్చింది. అర్థం చాలా మామూలుది: ఎక్కడ నిలబడ్డారు లేదా ఎంత దూరం నడిచారు, ఎన్నింటికి మొదలుపెట్టి ఎంతసేపు చూశారు, ఎంతమంది ఉన్నారు, ఆ సమయంలో మీరు గుర్తుపట్టగలిగిన ప్రతి పక్షినీ, కాకినీ మైనానూ వదలకుండా, సంఖ్యతో రాయడం. అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల, ఆడుబన్ సొసైటీ కలిసి 2002లో మొదలుపెట్టిన ఈబర్డ్ అనే ఆన్‌లైన్ వేదిక ఇదే అడుగుతుంది, మన దేశంలో దాన్ని బర్డ్ కౌంట్ ఇండియా నడిపిస్తోంది. 2023లో వచ్చిన దేశ పక్షుల స్థితిగతుల నివేదిక 30 వేల మందికి పైగా పక్షి వీక్షకులు పంపిన దాదాపు 3 కోట్ల నమోదుల మీద నిలబడి 942 జాతులను పరిశీలించింది. అందులో ఒక జాతి పెరుగుతోందా తగ్గుతోందా అన్నది చూసే ప్రధాన కొలత, నూటికి ఎన్ని పూర్తి జాబితాల్లో ఆ పక్షి ఉంది అన్నదే.

కాకి, మైనా ఎందుకు రాయాలో ఇక్కడ తెలుస్తుంది. మీ చెరువు మీద ఒక మే నెలలో 20 జాబితాలు వచ్చాయనుకోండి, పాముమెడ డార్టర్ 8 జాబితాల్లో ఉంది, అంటే 40 శాతం. మరుసటి మేలో 20లో 4, అంటే 20 శాతం. ఏదో మారింది, వెతకాల్సిందే. ఇప్పుడు అదే చెరువు మీద జనం డార్టర్ కనిపించిన రోజున మాత్రమే ఫొటో పెట్టి, కనిపించని రోజున ఊరుకున్నారనుకోండి. మొదటి ఏడాది 8కి 8, రెండో ఏడాది 4కి 4. రెండేళ్లూ నూటికి నూరే. పక్షి సగానికి తగ్గినా కాగితం మీద మచ్చ పడదు. కనిపించలేదు అన్న రోజుకు ఉన్న విలువ మనవాళ్లలో చాలామందికి ఇంకా పట్టలేదు. ఏమీ లేదు, ఊరికే వెళ్లొచ్చాం అంటారు చూడండి, ఆ ఊరికే వెళ్లొచ్చిన పొద్దున కూడా లెక్కే.

గుంపును లెక్కపెట్టడానికి గంటలు పట్టదు. పదిని ఒకసారి జాగ్రత్తగా లెక్కపెట్టి, ఆ పది ఎంత జాగా ఆక్రమించాయో కళ్లలో పెట్టుకుని, మిగతా గుంపులో అలాంటి ముక్కలు ఎన్ని పడతాయో చూస్తారు. 300 అని రాసింది 270 కావచ్చు, 340 కావచ్చు. దాని మీద టెన్షన్ అవసరం లేదు, ‘చాలా’ అని రాసిన దానికంటే అది ఎన్నో రెట్లు నయం. దక్షిణాసియాలో 1987 నుంచి ప్రతి జనవరిలో జరిగే నీటిపక్షుల గణన కూడా ఇలాంటి అంచనాల మీదే నడుస్తోంది. అది జనవరిలో జరుగుతుంది కాబట్టి చలికాలపు బాతుల సంగతి బాగా తెలుస్తుంది, మే నెల సంగతి తెలియదు. ఎండాకాలం జాబితాలు తక్కువ, వచ్చినవి కూడా హైదరాబాద్ చుట్టూనే ఎక్కువ. పాలమూరు పల్లె చెరువు మీద మే నెలలో ఎవరైనా రాసిన ఒక్క జాబితాకు అందుకే బరువెక్కువ.

పక్షులు కాని వాటికి ఐనాచురలిస్ట్ లాంటి వేదికలున్నాయి. ఎండాకాలంలో తడి బురద అంచు దానంతటదే ఒక రిజిస్టరు: నక్క, ముంగిస, అడవి పంది రాత్రి వచ్చి తాగిపోయిన అడుగులన్నీ పొద్దున ఏటవాలు వెలుతురులో స్పష్టంగా కనిపిస్తాయి. పక్కన స్కేలో, పెన్నో పెట్టి ఫొటో తీస్తే చాలు. కృష్ణను ఆనుకున్న చోట్ల మాత్రం మొసళ్లుంటాయి, అడుగుల కోసం అంచు దాకా పోవడం తెలివైన పని కాదు.

ఫోన్ యాప్ చెప్పిన పేరును ఎంత నమ్మాలి

మెర్లిన్ యాప్‌లో శబ్దాన్ని బట్టి పక్షిని గుర్తుపట్టే సదుపాయం 2021లో వచ్చింది. ఇది పని చేసే తీరు చెబితే దాని హద్దులు కూడా తెలుస్తాయి. విన్న శబ్దాన్ని యాప్ బొమ్మగా మారుస్తుంది, అడ్డంగా సమయం, నిలువుగా స్వరం ఎత్తు. ఆ బొమ్మను తాను నేర్చుకున్న వేల బొమ్మలతో పోల్చి దగ్గరగా ఉన్న పేరు చెబుతుంది. కోయిల, తీతువు, నెమలి లాంటి బిగ్గరి గొంతులకు ఇది దాదాపు తప్పు పోదు. జమ్ములో కూర్చుని కనబడకుండా గొడవ చేసే రీడ్ వార్బ్లర్ అనే చిన్న పిట్టలను పట్టించడంలో అయితే చాలా సాయం.

తడబడే చోట్లు కూడా ఉన్నాయి. పసులపోలిగాడు అని పెద్దవాళ్లు పిలిచే రెండు చీలికల తోక నల్లపిట్ట, శిక్రా డేగ కూతను అచ్చు దింపేస్తుంది. యాప్ శిక్రా అంటుంది, వైర్ మీద ఉన్నది పోలిగాడు. ఒకే పక్షి ఇరవై సార్లు కూసినా, ఇరవై పక్షులు ఒక్కోసారి కూసినా యాప్‌కు ఒకటే, సంఖ్య అది చెప్పదు. కాబట్టి తెర మీద వచ్చిన 62 పేర్లు 62 జాతులు ఉన్నాయన్నదానికి రుజువు కావు, వెళ్లి చూడమని ఇచ్చిన 62 సూచనలు. యాప్‌ను పూర్తిగా కొట్టిపారేసే పాతకాపులు కూడా ఉన్నారు, చెవి మొద్దుబారిపోతుందని వాళ్ల వాదన. కొత్తగా మొదలుపెట్టిన కుర్రాళ్లు దాని వల్లే పక్షుల వైపు వచ్చారన్నది రెండో వైపు వాదన. నేను చూసినంతలో, యాప్ పేరు చెప్పాక తలెత్తి పక్షి కోసం వెతికేవాళ్లు బాగానే నేర్చుకుంటున్నారు, తెర మీదే కళ్లు పెట్టేవాళ్లు నేర్చుకోవడం లేదు.

శబ్దాన్ని భద్రపరచాలనుకుంటే ఒక సాంకేతిక చిక్కు ఉంది. ఫోన్లో మామూలు రికార్డర్ మనుషుల మాట కోసం తయారైంది. దూరపు చిన్న శబ్దాలను అది అనవసరపు రొదగా భావించి చెరిపేస్తుంది, ఫైలును కుదించి దాస్తుంది. చెవికి తేడా పెద్దగా తెలియదు కానీ, తర్వాత పరిశీలించేవారికి కావాల్సిన వివరం పోతుంది. కుదించని వేవ్ ఫైలులో సెకనుకు 48 వేల నమూనాలు, ఒక్కోదానికి 3 బైట్లు చొప్పున తీస్తే నిమిషానికి 8.64 ఎంబీ, గంటకు సుమారు 518 ఎంబీ. ఫోన్ నిండిపోతుందన్న భయంతో చాలామంది కుదించిన ఫైలే తీస్తారు, కానీ అవసరమైనవి రెండు మూడు నిమిషాల ముక్కలే అయినప్పుడు ఆ భయానికి అర్థం లేదు. గుడి మైకు, అజాన్, బోరు మోటారు ఎలాగూ పడతాయి, వాటిని తీసేయాలని చూసేకంటే ఉండనివ్వడమే మేలు. ఆ చెరువు ఆ ఏడాది ఎలా వినిపించేదో కూడా రికార్డే కదా. చివర్లో ఊరి పేరు, తేదీ, సమయం నోటితో చెప్పి ఆపితే ఫైలు ఎప్పటికీ అనాథ కాదు.

గూటి లొకేషన్ చెప్పాలా, దాచాలా

ఎండాకాలం నమోదులో అసలైన తగాదా ఇదే. తీతువు గూడంటే గూడు కాదు, ఎండిన శిఖంలో నాలుగు గులకరాళ్ల మధ్య గుంట. పొద్దుటి చల్లదనంలో ఎవరైనా దగ్గరికి వెళితే తల్లి లేచి అరుస్తూ తిరుగుతుంది. అదే 9 గంటలకైతే కథ వేరు. మే ఎండలో నేల 50 డిగ్రీలు దాటుతుంది, గుడ్డులోని పిండం 40 దాటిన వేడిని ఎక్కువసేపు తట్టుకోలేదు. ఈ కాలంలో తల్లి గుడ్ల మీద కూర్చునేది పొదగడానికంటే నీడ పట్టడానికే, మధ్యమధ్యలో నీళ్లలోకి వెళ్లి పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. ఫొటో కోసం అరగంట అక్కడ కూర్చుంటే గుడ్లను ఎవరూ ముట్టుకోకపోయినా ఉడికిపోవచ్చు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. పక్షుల గుడ్లను, గూళ్లను కదిలించి ఇబ్బంది పెట్టడాన్ని అది ‘వేట’ నిర్వచనంలోనే చేర్చింది. తుపాకీ పట్టుకోకుండానే వేటగాడి కిందకు రావొచ్చన్నమాట.

ఇక లొకేషన్ సంగతి. దాచాలి అనేవాళ్ల మాట: టెర్న్‌లు గుడ్లు పెట్టిన దిబ్బ ఫలానా చోట అని పెడితే వచ్చే ఆదివారానికి పది కెమెరాలు దిగుతాయి. చెప్పాలి అనేవాళ్ల మాట: అక్కడ గూళ్లున్నాయని నలుగురికీ తెలియకపోతే రేపు ఇసుక ట్రాక్టర్లు దిగినప్పుడు, బోటింగ్ పాయింట్ పెడతామన్నప్పుడు అడ్డుచెప్పడానికి చేతిలో కాగితమే ఉండదు. రెండింటిలోనూ నిజముంది. అందుకే నమోదు వేదికలు మధ్యేమార్గం పట్టాయి. ఐనాచురలిస్ట్ ముప్పులో ఉన్న జాతుల చోటును దానంతటదే మసకబారుస్తుంది, ఈబర్డ్ కొన్ని సున్నితమైన జాతుల వివరాలను బయటికి చూపదు. సమాచారం లోపల ఉంటుంది, గుంపు మాత్రం పోగవదు. తీతువు లాంటి మామూలు పక్షికి ఈ రక్షణ ఉండదు కాబట్టి అక్కడ గూడు చోటు రాయాలా వద్దా అన్నది రాసేవాళ్ల చేతిలోనే ఉంది. జాబితాలో పక్షి సంఖ్య రాసి గూటి చోటు వదిలేస్తే లెక్కకు నష్టమేమీ లేదు. ఫోన్లో కూత వినిపించి పక్షిని బయటికి రప్పించడం మీద కూడా ఇలాంటి చర్చే నడుస్తోంది, కానీ గుడ్లు పెట్టే కాలంలో, ఈ ఎండల్లో అది పక్షికి దండగ ఖర్చు అన్నదాని మీద పెద్దగా భేదాభిప్రాయం లేదు.

ఒక చెరువు నుంచి ఏం చెప్పొచ్చు, ఏం చెప్పలేం

ఒక జాతి దేశంలో పెరిగిందా తగ్గిందా అన్నది ఒక ఊరి చెరువు చెప్పలేదు. కొన్ని విషయాలు మాత్రం ఆ ఊరి చెరువే చెప్పగలదు, ఇంకెవరూ చెప్పలేరు. చివరి బాతు ఏ తేదీన వెళ్లింది, నీళ్లు ఏ వారంలో అడుగంటాయి, కాలువ నీళ్లు ఎప్పుడొచ్చాయి, దిబ్బ మీద పిల్లలు లేచాయా, నెత్తిన కొప్పు ఉన్న చాతకం ఏ రోజున మొదట కూసింది. జాబితా కింద వ్యాఖ్యల పెట్టెలో నీళ్లు మత్తడికి ఎంత దిగువన ఉన్నాయో, వలలు వేశారో లేదో ఒక వాక్యం రాస్తే, పదేళ్ల తర్వాత ఆ సంఖ్యను చదివేవాడికి 300 అంటే ఏ 300 అన్నది తెలుస్తుంది.

జూన్‌లో ఇది ఇంకా అవసరం. తొలకరి రెండు గట్టి వానలు పడగానే కుంటలు, ఒర్రెలు, నాట్లకు దున్నిన మడులు తడుస్తాయి, కప్పలు, పురుగులు లేస్తాయి, చెరువు మీద పడి ఉన్న కొంగలన్నీ చుట్టూ పది ఊళ్లకు పంచుకుపోతాయి. మన ఊహా చెరువులో మేలో ఉన్న 300 జూన్ రెండో వారానికి 60 అయిందనుకోండి. చెరువును మాత్రమే చూసినవాళ్లు పక్షులు మాయమయ్యాయి అని రాస్తారు. అదే వారం ఆ 6 కుంటల మీద కూడా పొద్దున్నే పదేసి నిమిషాలు నిలబడ్డవాళ్ల జాబితాల్లో తలా 30, 40 కొంగలు తేలతాయి.